మొదటి ఏడాది మిమ్మల్ని 'సిస్టర్' అనరు

జర్మనీకి నర్సులుగా వెళ్ళబోతున్న మీ అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మీలో జర్మన్ భాషా పరీక్ష బీ1 స్థాయి పాసైనవాళ్ళు చేతులెత్తండి. బాగుంది. దాని పైమెట్టు, బీ2? నలుగురు. ఆ నలుగురికీ గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ పరీక్ష ఎన్ని రాత్రుల నిద్ర తినేస్తుందో నాకు తెలుసు.

నేను గోపాలపట్నం అమ్మాయిని. మన విశాఖలోనే నర్సింగ్ చదివి, నాలుగేళ్ళు ఐసీయూలో చేసి, 2019లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్ళాను. జీతం ఎంత, వీసా ఎలా అన్నవి చెప్పడానికి మీకు బోలెడుమంది ఉన్నారు. నాకెవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది, దానికోసమే వచ్చాను. మొదటి ఏడాది మీరక్కడ నర్సు కాదు, హెల్పర్. మన చదువుని వాళ్ళ చదువుతో పోల్చి చూసి గుర్తింపు ఇచ్చేదాకా హోదా అదే, జీతమూ అదే. ఆ గుర్తింపునే 'అనర్కెన్నుంగ్' అంటారు. మన సిలబస్‌లో ఏవేం తక్కువయ్యాయో ఒక ఉత్తరం వస్తుంది. నాకు వచ్చినదాంట్లో వృద్ధుల సంరక్షణ, ఇళ్ళకి వెళ్ళి చేసే నర్సింగ్ ఉన్నాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి శిక్షణైనా తీసుకోవాలి, పరీక్షైనా పాసవ్వాలి. బీ2 ఎలాగూ తప్పదు.

వెంటిలేటర్ చూసుకున్నదాన్ని కదా, మొదటిరోజు చేతికి ఏమిచ్చారో తెలుసా? ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, రెండు చిన్న తువ్వాళ్ళు. ఒకటి మొహానికి, ఒకటి కిందకి.

మన దగ్గర రోగి ఒళ్ళు తుడిచేది కూతురో, కోడలో, పెళ్ళామో. మంచం పక్కన చాప వేసుకుని ఎవరో ఒకరు ఉంటారు. అక్కడ అటెండర్లు ఉండరు. ఒళ్ళు తుడవడం, కట్టుడు పళ్ళు కడగడం, బాత్రూంకి తీసుకెళ్ళడం, అన్నీ నర్సు పనే. పెద్ద నర్సులూ చేస్తారు. అది తక్కువ పని అన్న ఆలోచన వాళ్ళకి లేదు, నాకుంది. ఆ ఉదయం ఎనభై దాటిన తాతగారి మొహం తుడుస్తుంటే నా చేతులు వణికాయి. పని రాక కాదు, నామోషీతో.

ఆయన ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు, 'అ బిస్లె'. నేను నేర్చుకున్న పుస్తకంలో 'కొంచెం' అనడానికి 'ఐన్ బిస్షెన్' అని ఉంది. ఇది ఆ ఊరి యాస. బడిలో తెలుగు వాచకం చదివి వచ్చినవాణ్ణి తిన్నగా టెక్కలి సంతలో దింపితే ఎలా ఉంటుంది? నా పని అదే అయింది. మూడోసారి ఆయన నోటితో చెప్పడం మానేసి, నా చెయ్యి పట్టుకుని గిన్నెలో ముంచారు. నీళ్ళు చల్లారిపోయాయి. కొంచెం వేడి కావాలట, అంతే!

అంచేత, బీ2 వచ్చిందని నిబ్బరంగా ఉండకండి. ఏ ఊరు వెళ్తున్నారో ఆ ఊరి యాస ఇప్పటినుంచే వినండి. స్టుట్‌గార్ట్ వైపు అయితే ప్రతిదాని చివరా ఒక 'లె' తగిలిస్తారు. ముద్దుగానే ఉంటుంది, అర్థమైతే.

ఇంకో ఇబ్బంది మన తెలుగు నాలుకది. జర్మన్‌లో 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. రోగిని మీరు అనాలి. మా వార్డులో పనిచేసేవాళ్ళంతా ఒకరినొకరు నువ్వు అనుకునేవారు. మా హెడ్ నర్సుకి మా అమ్మ వయసు. ఆవిణ్ణి పేరు పెట్టి, నువ్వు అని పిలవమంటారు! నెలరోజులపాటు ఏ పేరూ లేకుండా, ఆవిడ ముందుకెళ్ళి నిలబడి, చూసేదాకా ఆగేదాన్ని. ఆఖరికి ఆవిడే, 'నామీద కోపమా?' అని అడిగారు.

ఇల్లు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితంతో. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించండి. అది లేకపోతే ఉత్తరాలు వెనక్కిపోతాయి. అక్కడ ముఖ్యమైనవన్నీ ఇంకా ఉత్తరాలే. అద్దె డిపాజిట్ మూడు నెలల అద్దె మించకూడదు, అదీ కరెంటు, హీటింగ్ కలపని అద్దె మీద. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. నేను శనివారం రాత్రి దిగాను, మర్నాడంతా మా అమ్మ కట్టిచ్చిన జంతికలు తిన్నాను.

లగేజీలో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టకండి. బయటి దేశాలనుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. చేపలకి ఆ పట్టింపు లేదు. ఎండు నెత్తళ్ళు భేషుగ్గా పట్టుకెళ్ళొచ్చు. వేయించడం మాత్రం మీ ధైర్యం. నేను వేయించిన రోజు మూడో అంతస్తువాళ్ళు కూడా కిందకి దిగి చూశారు.

ఒక సాయంత్రం మా తలుపుకి చిన్న చెక్కముక్క వేలాడుతోంది. తిప్పి చూశాను, 'కేర్‌వోహె' అని రాసుంది. ఎవరిదో పొరపాటున తగిలించారనుకుని తీసుకెళ్ళి పక్కింటి తలుపుకి పెట్టాను. రెండు నిమిషాల్లో పక్కింటి పెద్దావిడ దాన్ని తెచ్చి మళ్ళీ నాకే తగిలించింది. అంటే ఆ వారం మెట్లు ఊడ్చే వంతు నాదట! ఆ ప్రాంతంలో అదో పాత ఆచారం. డిసెంబరు, నాలుగున్నరకే చీకటి, డ్యూటీకి చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చే రోజులు. ఏడుపొచ్చింది. అయినా చీపురు తీసి, ఇంటి ముందు కల్లాపి చల్లేముందు మా అమ్మమ్మ ఊడ్చేదే, అలా మూలమూలా ఊడ్చి, నీళ్ళతో తుడిచాను. పెద్దావిడ వచ్చి రెయిలింగ్ మీద వేలు రాసి చూసుకుంది. మర్నాడు గుమ్మం దగ్గర ఒక కేకు ముక్క పెట్టి ఉంది. ఆ భవనంలో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, 'ఏటి తిన్నావమ్మా' అంటే కేకు అన్నాను. 'అన్నం తినలేదేటి' అని తిట్టింది.

గుర్తింపు వచ్చింది 2020 శరదృతువులో. ఆ వారమే, పన్నెండో గదిలో గంట మోగి, ఒక ముసలావిడ 'ష్వెస్టర్!' అని కేక వేసింది. అంటే సిస్టర్ అనే. వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను.

ఇక డబ్బు. మన చట్టం ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. నా దగ్గర ఒకాయన రెండున్నర లక్షలు తీసుకున్నాడు, రసీదు కూడా లేదు. 2013 నుంచి జర్మనీ ప్రభుత్వ సంస్థలు నడిపే 'ట్రిపుల్ విన్' అనే, బయటి దేశాల నర్సుల్ని తీసుకెళ్ళే పథకంలో నర్సు దగ్గర ఫీజు తీసుకోరు. 2021లో కేరళ అందులో చేరింది. అంటే ఏజెంటు అడిగినంతా ఇవ్వడం తప్ప దారిలేదన్న మాట అబద్ధం. ఒప్పందంలో 'ఇన్నేళ్ళలోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలి' అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే ఆ అంకె చదవకుండా సంతకం పెట్టకండి.

ఒప్పందం కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఎవరూ వెళ్ళిపోవద్దు. టీ తాగి ఈ టేబుల్ దగ్గరకి రండి, ఒక్కొక్కటీ కూర్చుని చదువుదాం.