వాము, లవంగం, తులసి: తైలాలు కలిపితే బలం పెరుగుతుందా?

హోస్ట్: నమస్కారం. ఔషధ మొక్కల సుగంధ తైలాలను కలిపి, సూక్ష్మక్రిములను అడ్డుకునే మిశ్రమాలను ఎలా రూపొందిస్తారో ఈ సంచికలో తెలుసుకుందాం. ఇదే పరిశోధనలో ఉన్న సూక్ష్మజీవశాస్త్రవేత్త ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, హైదరాబాద్‌కు ఇటువంటి మిశ్రమాలు కొత్తేమీ కావు కదా?

అతిథి: కావండీ. 1920 నుంచి ఈ నగరం ఎరిగిన యునానీ మందు జిందా తిలిస్మాత్‌లో నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్), వాము పువ్వు ఉంటాయి. వాము పువ్వు అంటే థైమాల్ స్ఫటికాలు. వాటిని కర్పూరంతోనూ పుదీనా పువ్వుతోనూ కలిపి సీసాలో కాసేపు కదిపితే, మూడూ గట్టి పదార్థాలే అయినా, పొయ్యి మీద పెట్టకుండానే కరిగి నూనెలా మారిపోతాయి. చూసేవారికి ఏదో కొత్త శక్తి పుట్టినట్లే అనిపిస్తుంది. అయితే కలిసి ద్రవంగా మారడం వేరు, క్రిముల మీద కలిసి పనిచేయడం వేరు. ఆ రెండోదాన్ని కొలిచి చూపించాలి.

హోస్ట్: ఆ కొలత ఎలా ఉంటుందో వివరంగా చెప్పండి.

అతిథి: ముందు ఒక్కొక్క తైలానికి కనీస నిరోధక గాఢతను, అంటే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగల అతి తక్కువ మోతాదును, కనుక్కుంటాం. తర్వాత 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఒక తైలాన్ని అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా సగం సగం తగ్గించుకుంటూ వెళతాం. ఆ అమరికకు చెకర్‌బోర్డ్ అని పేరు. ఒక రాత్రి 37 డిగ్రీల దగ్గర పొదిగించి, రెసాజురిన్ రంగు చుక్క వేస్తే, బ్యాక్టీరియా బతికి ఉన్న గుంట గులాబీ రంగుకు మారుతుంది, పెరుగుదల ఆగిన గుంట నీలంగానే మిగులుతుంది. ఇక లెక్క చూడండి. వాము తైలం విడిగా మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, లవంగ తైలం 2 మిల్లీగ్రాములు అవసరమవుతాయనుకుందాం. కలిపినప్పుడు 0.25, 0.5 సరిపోతే, ఒక్కోటి తన విడి మోతాదులో నాలుగో వంతుకు దిగినట్లు; ఆ రెండు వంతుల మొత్తం 0.5 అవుతుంది. 0.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తేనే పరస్పర బలోపేతం అంటాం. అదే 0.5, 1 చొప్పున కావలసి వస్తే మొత్తం 1; అంటే ఒకదాని బదులు మరొకటి పోసినట్లే తప్ప అదనంగా దక్కిందేమీ లేదు. మొత్తం 4 దాటితే ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నాయని అర్థం.

హోస్ట్: ఈ పరీక్షలో పొరపాటుకు అవకాశం ఎక్కడుంది?

అతిథి: తైలం గాలిలోకి లేచిపోవడంలో ఉంది. వాము తైలం ఎక్కువగా ఉన్న గుంట నుంచి ఆవిరి పక్క గుంటకు చేరి, అక్కడి బ్యాక్టీరియానూ అణచివేస్తుంది. మనమేమో పక్క గుంటలోని మిశ్రమమే గొప్పదని రాసుకుంటాం. అందుకే పళ్లేన్ని పలుచని పొరతో గట్టిగా మూసివేయాలి, ఆవిరి ఎక్కువగల తైలాలను దూరదూరంగా పెట్టాలి. ఇంకో చిక్కు, తైలం నీటిలో కలవదు. ట్వీన్ 80 వంటి ఎమల్సిఫయర్ వేస్తే కలుస్తుంది గాని, మోతాదు మించితే అదే తైలాన్ని తనలో బంధించి క్రిమికి అందనివ్వదు. ఈ వివరాలు రాయని ఫలితాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

హోస్ట్: మరి పది తైలాలు కలిపితే ఇంకా మేలని ప్రచారం చేస్తుంటారే?

అతిథి: అది అమ్మకం మాటండీ. థైమాల్, లవంగంలోని యూజినాల్ రెండూ ఫినాల్ జాతివి. ప్రధానంగా బ్యాక్టీరియా కణపొరను దెబ్బతీసే పని చేస్తాయి. ఒకే దారిలో పనిచేసే వాటిని ఎన్ని పోగుచేసినా మోతాదులు కూడడమే ఎక్కువగా జరుగుతుంది. దానికి భిన్నంగా, వాము తైలంలోనే ఉండే పారా-సైమీన్ అనే రసాయనం తనంతట తాను పెద్దగా క్రిములను చంపదు. కణపొరను ఉబ్బించి, థైమాల్‌కు దగ్గరి బంధువైన కార్వక్రాల్ లోపలికి చొరబడేందుకు దోవ సులువు చేస్తుంది. మంచి జోడీ అంటే అటువంటిది. సూడోమోనాస్ వంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియాకు బయట మరో పొర కాపుగా ఉంటుంది కాబట్టి, ఆ పొర లేని స్టెఫైలోకాకస్ మీద నెగ్గిన మిశ్రమం అక్కడ వీగిపోవచ్చు.

హోస్ట్: ఒకసారి జోడీ దొరికితే, దాన్నే ప్రతిసారీ తయారుచేయగలమా?

అతిథి: అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. వాము తైలంలో థైమాల్ పంటనుబట్టి 35 నుంచి 60 శాతం దాకా మారుతుంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన గింజలు, మరో చోటివి ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. అందువల్ల కొన్న ప్రతి సరుకునూ రసాయనాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రోమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూసి, తైలం పేరును కాక అందులోని ముఖ్య రసాయనాల శాతాలను సూత్రంలో రాసుకోవాలి. తులసి విషయంలో ఇది మరీ అవసరం: కొన్ని రకాల తైలంలో యూజినాల్ ప్రధానమైతే, మరికొన్నింటిలో మిథైల్ యూజినాల్ ప్రధానం. ఈ రెండోదాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవి’ అనే 2ఎ వర్గంలోకి చేర్చింది. తులసికోట దగ్గర రెండు ఆకులు నమిలేవారు భయపడాలని నేను అనడం లేదు. బోలెడు ఆకు నుంచి తీసిన చిక్కని తైలాన్ని ఒంటికి రాసే ద్రవంలో పోసేవారు మాత్రం ముందుగా శాతం చూసుకోవాలి.

హోస్ట్: వింటున్నవారిలో ఇంట్లోనే కలుపుకుందామనుకునేవారు ఉంటారు.

అతిథి: నేల తుడిచే నీళ్లలో నిమ్మగడ్డి తైలం పది చుక్కలు వేసుకుంటే వాసనకు బాగుంటుంది, క్రిమిసంహారకమని మాత్రం అనుకోకండి. దాల్చినచెక్క తైలాన్ని నేరుగా చర్మానికి రాయకండి, అందులోని సిన్నమాల్డిహైడ్‌తో అలర్జీ రావచ్చు. నీలగిరి తైలాన్ని పసిపిల్లలకు అందకుండా పెట్టండి. కొద్దిగా మింగినా ప్రమాదమే. సీసాలను ముదురు రంగువి తీసుకుని, మూత బిగించి చల్లని చోట ఉంచండి. గాలి తగిలి ఆక్సీకరణ చెందిన లిమోనీన్, లినలూల్ వంటి సుగంధ రసాయనాలు తాజావాటికంటే ఎక్కువగా చర్మాన్ని ఇబ్బంది పెడతాయి కాబట్టి, ఏళ్ల తరబడి అలమరలో ఉన్న సీసాను పారవేయడమే మంచిది.