ప్యాకెట్ వెనక్కి తిప్పి చూశారా?

[తెరపై: బిస్కెట్ ప్యాకెట్ ముందు భాగం. ధాన్యం కంకుల బొమ్మ, పెద్ద అక్షరాల్లో "మల్టీగ్రెయిన్"]

నమస్కారం. ఇది మన వీడియో కోసం తయారుచేసుకున్న నమూనా ప్యాకెట్. చూడగానే ఒంటికి మంచిదే అనిపిస్తుంది కదా? బుట్టలో వేసుకునే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పుదాం.

[దగ్గరగా: పదార్థాల జాబితా]

ముందు చదవాల్సింది ఇదే. బరువులో ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. ఇక్కడ వరుస చూడండి: మైదా, చక్కెర, పామాయిల్. ఓట్స్, బార్లీ ఎక్కడో చివర్లో ఉన్నాయి. మల్టీగ్రెయిన్ అంటే ఒకటికి మించి ధాన్యాలు కలిపారని అర్థం, అంతే. ఎంత కలిపారో, పొట్టు తీయకుండా వాడారో లేదో ఆ మాట చెప్పదు.

ఇంకాస్త కిందికి రండి. ఇన్వర్ట్ సిరప్, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్. ఇవన్నీ చక్కెర కిందికే వస్తాయి. వేర్వేరు పేర్లతో రాసేసరికి ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది. అన్నీ కలిపి చూస్తే చక్కెరే మొదటి స్థానానికి రావచ్చు. పిల్లలకని నమ్మి కొనే ప్యాకెట్లలో ఇలా కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

[తెరపై: పోషకాల పట్టిక, "సర్వింగ్" గడి చుట్టూ గీత]

ఇప్పుడు అంకెలు. సర్వింగ్‌కు చక్కెర 6 గ్రాములు. తక్కువే అనిపిస్తుంది. కానీ సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లని పైన చిన్న అక్షరాల్లో ఉంది. ఆరు తిన్నారనుకోండి, 18 గ్రాములు. టీస్పూన్‌కు సుమారు 4 గ్రాముల లెక్కన నాలుగున్నర స్పూన్లు! బయటి నుంచి కలిపే చక్కెర పెద్దవాళ్లకు రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే రెండు బ్రాండ్లు పోల్చేటప్పుడు సర్వింగ్ లెక్క పక్కనపెట్టి, 100 గ్రాములకు ఎంతో చూడండి.

[తెరపై: సోడియం 800 మిల్లీగ్రాములు]

ఉప్పు చాలాసార్లు సోడియం పేరుతో ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండాలి.

ట్రాన్స్ ఫ్యాట్ అంటే గుండెకు చేటు చేసే కొవ్వు. అది "0" అని ఉన్నా, పదార్థాల్లో "పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె" కనిపిస్తే ఆ ప్యాకెట్ వద్దు. ఆ కొవ్వు ఎక్కువగా వచ్చేది ఈ నూనె నుంచే. కొద్ది మొత్తమైతే సున్నా అని రాసుకోవడానికి చాలాచోట్ల నిబంధనలు ఒప్పుకుంటాయి.

అన్నీ ఒకేరోజు చదవాలని టెన్షన్ పడకండి. మీ ఇంట్లో రోజూ తినే ప్యాకెట్ ఒకటి తీసుకుని, ఈసారి షాపులో దాని పక్కనున్న బ్రాండ్‌తో పోల్చండి.