నాన్న సెలవులే మా ఊరు

నమస్తే అండీ. ఈసారి వీడియో ఇంగ్లండ్‌లో నేనుంటున్న ఆల్డర్‌షాట్ నుంచి కాదు, నల్లగొండ నుంచి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది దేవరకొండ దారిలో ఉన్న మా పల్లె. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని కందికాయలు ఏరుతున్నది మా అమ్మ. ముదిరినవి ఒలిచి కూరకు, లేతవి ఉప్పు వేసి ఉడకబెట్టడానికి. నాన్న కెమెరా ముందుకు రానన్నారు, గొంతు మాత్రం అక్కడక్కడ వినిపిస్తుంది.

నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. పెరిగింది కంటోన్మెంట్ క్వార్టర్లలో. నాన్న సైన్యంలో ఈఎంఈ విభాగంలో చేరి, నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేశారు. ట్యాంకులు, ట్రక్కులు, తుపాకులు చెడిపోతే బాగుచేసేది ఆ విభాగమే. 1943 అక్టోబరు 15న ఏర్పడింది. ఏటా ఆ రోజు వచ్చిందంటే బడాఖానా, అంటే యూనిట్ అంతా కలిసి తినే విందు, సందడి. దాని శిక్షణ కేంద్రం మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది కాబట్టి మా మొదటి క్వార్టరు కూడా అక్కడే. తర్వాత పఠాన్‌కోట్, ఆ తర్వాత ఝాన్సీ దగ్గర బబీనా, చివరికి జలంధర్.

సైనికుడికి ఏడాదిలో 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. వార్షిక సెలవు మా బడి వేసవి సెలవులతో కలిసి వచ్చేలా నాన్న ముందుగానే అడిగి పెట్టుకునేవారు. అందుకే నాకు తెలిసిన మా ఊరు మే నెల ఊరు. చెరువు నెర్రెలు విచ్చి ఉండేది. బావిలో నీళ్ళు అడుగంటి ఉండేవి. మామిడికాయ తొక్కు, తాటి ముంజలు, రాత్రిళ్ళు వాకిట్లో మంచాలు వేసుకుని నాయనమ్మ పక్కన పడుకోవడం, ఇదే నా ఊరు. తొలకరి పడి అరకలు కట్టే వేళకు మేము తిరుగు రైల్లో ఉండేవాళ్ళం. తంగేడు పూసిన మా ఊరిని, మత్తడి దుంకుతున్న మా చెరువును చిన్నప్పుడు ఒక్కసారి కూడా చూడలేదు. చలికాలం ఇక్కడ ఎలా ఉంటుందో అమ్మ చెబితే విన్నదే. ఈ కందికాయలను మీకు ఇంతసేపు చూపిస్తున్నది అందుకే. ఈ నెలలో ఈ వాకిట్లో కూర్చోవడం నాకు ఇప్పటికీ కొత్త.

ఊరికి వచ్చే ప్రయాణం గురించి చెప్పాలి. సైన్యం ఇచ్చే రైలు ప్రయాణ పత్రం, రైల్వే వారంటు, చేతికి రాగానే ఇంట్లో పండగ మొదలయ్యేది. ఝాన్సీలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళం. 2014 నుంచి దాని పేరు తెలంగాణ ఎక్స్‌ప్రెస్. క్వార్టరులో నాన్న మాట చాలా పొదుపు. రైలు నాగపూర్ దాటేదాకా అలాగే ఉండేవారు. బల్లార్షా వచ్చిందంటే కిటికీ పక్కకు జరిగేవారు. సిర్పూర్ కాగజ్‌నగర్ బోర్డు మీద తెలుగు అక్షరాలు కనిపించడం ఆలస్యం, పైకి చదవడం మొదలుపెట్టేవారు. బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట. స్టేషను పేరే కాదు, గోడ మీద సిమెంటు ప్రకటన, ఎరువుల ప్రకటన, ఏది కనబడితే అది. నాకు, తమ్ముడికి వినిపించాలని చదివేవారు కాదు. తన కోసమే చదువుకునేవారు. కాజీపేట చేరేసరికి హిందీ పూర్తిగా జారిపోయి, నాయనమ్మతో మాట్లాడే నల్లగొండ యాస ఆయన నోట్లోకి వచ్చేసేది. పక్క బెర్తు ఆయనతో వానల గురించి, బోర్ల గురించి, బత్తాయి ధర గురించి ఎడతెగని కబుర్లు. ఏడాదంతా ఈ మనిషి ఎక్కడ ఉన్నాడా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

హైదరాబాద్‌లో బస్సెక్కి, నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి, లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించిందంటే నల్లగొండ వచ్చినట్టే. అక్కడి నుంచి నాన్న కూర్చునేవారు కాదు. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేవారు.

ఇప్పుడు లోపలి గదిలోకి రండి. ఈ నల్ల ట్రంకు పెట్టె చూడండి. సైనికుల పిల్లలు ఎవరైనా దీన్ని చీకట్లో చేత్తో తడిమి గుర్తుపడతారు. ఇప్పుడు ఇందులో అమ్మ పాత బొంతలు పెట్టుకుంది. మూత మీద తెల్ల రంగుతో నాన్న నంబరు, హోదా, పేరు, యూనిట్ ఉన్నాయి. వీడియోలో నంబరు మీద చెయ్యి పెట్టాను, ఏమీ అనుకోకండి. బదిలీ అయిన ప్రతిసారీ నాన్న పాత అక్షరాల మీద నల్ల రంగు పూసి, ఆరనిచ్చి, రేకు అచ్చు పెట్టి కొత్త యూనిట్ పేరు వేసేవారు. ఈ మూలన రంగు పెచ్చు లేచింది, దగ్గరగా చూపిస్తాను. పైన నాయబ్ సుబేదార్, దాని కింద హవల్దార్, ఇంకా కింద నాయక్ అని సగం అక్షరాలు. నాన్న ఉద్యోగమంతా ఈ పొరల్లో ఉంది. మూత లోపలి వైపు అతికించిన పేపరు హిందీది, జలంధర్‌లో అతికించింది. కలరా ఉండల వాసన ఇంకా పోలేదు.

బదిలీ అంటే జనం పిల్లల చదువు ఏమవుతుందని జాలిపడతారు. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే అందుకు. 1963లో సైనిక స్థావరాల్లోని రెజిమెంటు బడులతో అవి మొదలయ్యాయి. ఎక్కడికి వెళ్ళినా అవే పుస్తకాలు, అదే యూనిఫారం, పొద్దున అదే ‘అసతో మా సద్గమయ’. బడిలో పిల్లల్ని హౌస్‌లని జట్లుగా విడదీస్తారు. పఠాన్‌కోట్‌లో నేను శివాజీ హౌస్, బబీనాలో రామన్ హౌస్, మారింది అంతే. చదువుకు కొరత రాలేదు. కొరతంతా స్నేహాలకే. మార్చి చివర ఒక ట్రక్కు వచ్చి పక్కింటి సామాను ఎక్కించుకుంటే, ఇక ఆ పిల్లలు మళ్ళీ కనబడరు. అప్పట్లో మా చేతుల్లో ఫోన్లు లేవు. వాళ్ళు వెళ్ళే ఊరి పేరు తెలిసినా, అక్కడ క్వార్టరు దొరికేదాకా చిరునామా ఉండదు.

బబీనా గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అక్కడ పెద్ద ఫైరింగ్ రేంజి ఉంది. ట్యాంకులు కాల్చే రోజుల్లో మా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు టకటకలాడేవి. అమ్మ వాటి మధ్య గుడ్డ ముక్కలు పెట్టేది. మాకు అది భయం కలిగించే చప్పుడు కాదు. పరీక్షల చదువు కూడా ఆ చప్పుడులోనే సాగేది.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. కొద్ది రోజుల్లోనే సైన్యం సరిహద్దుకు కదిలింది. ఆపరేషన్ పరాక్రమ్ అది. మా నాన్న, ఎదురింటి అంకుల్, చివరింటి సర్దార్ అంకుల్, అందరూ వెళ్ళిపోయారు. క్వార్టర్లలో మిగిలింది ఆడవాళ్ళు, పిల్లలు. ఎక్కడ ఉన్నారో చెప్పకూడదు, అడగకూడదు. ఉత్తరం రాస్తే నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం తపాలా కార్యాలయం. ఊరి పేరు ఉండదు. ఆ ఉత్తరం ఏ ఇసుకలోకి వెళ్ళేదో మాకు తెలియదు, జవాబు మాత్రం వచ్చేది. ఎవరింటికి జవాబు వచ్చినా మిగతా ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు, తమ ఇంటాయన గురించి ఒక్క మాటైనా ఉంటుందేమోనని.

ఆ వేసవిలో నాన్నకు సెలవు రాలేదు. మేము ఊరికి రాలేదు. మామిడికాయ తొక్కు లేని ఏడాది అది.

అక్టోబరు వచ్చింది. అమ్మ బతుకమ్మ పేరుస్తానంది. అంతకుముందు ఏ కంటోన్మెంటులోనూ పేర్చలేదు, తంగేడు లేకుండా ఏం బతుకమ్మ అనేది. ఆ ఏడు మాత్రం పట్టుపట్టింది. తంగేడు, గునుగు మాకు దొరకలేదు. మలయాళీ ఆంటీ తన కుండీల్లోని బంతిపూలన్నీ కోసి ఇచ్చింది. నేపాలీ దీదీ, నేను, ఎదురింటి అక్క కలిసి కంచె వెంట పూసిన పసుపు పూలు ఏరుకొచ్చాం. గుమ్మడి ఆకుకు బదులు పెద్ద స్టీలు పళ్ళెం. సాయంత్రం పిల్లలు ఆడుకునే మైదానంలో బతుకమ్మను పెడితే మా వరుసలో ఉన్న ఇళ్ళన్నీ వచ్చాయి. అమ్మ, ఎదురింటి ఆంటీ పాట అందుకుంటే, భాష తెలియని ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అన్న చోట మాత్రం గొంతు కలిపారు. సర్దార్ ఆంటీ గొంతు అందరికంటే పెద్దది. దసరా వెళ్ళింది. అక్టోబరు 16న సైన్యాన్ని సరిహద్దు నుంచి వెనక్కి తీసుకునే నిర్ణయం వెలువడింది. అమ్మ ఇప్పటికీ అది బతుకమ్మ తెచ్చిన కబురేనంటుంది. నేను కాదనను.

నేను ఇప్పుడు ఉంటున్న ఆల్డర్‌షాట్ కూడా సైనికుల ఊరే. 1854లో బ్రిటిష్ సైన్యం అక్కడ శిబిరం వేశాకే ఊరు పెరిగింది. 1997కు ముందు పదవీ విరమణ చేసిన గూర్ఖా సైనికులకు బ్రిటన్‌లో స్థిరపడే హక్కు 2009లో దక్కింది. అప్పటి నుంచి ఎందరో ముసలి దంపతులు నేపాల్ కొండలు వదిలి అక్కడికి వచ్చారు. పార్కు బెంచీల మీద టోపీ పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంటారు. ఒకరోజు ఒక పెద్దాయనకు నేను ‘నమస్తే బాజే’ అన్నాను. బబీనాలో నేపాలీ దీదీ నేర్పిన పలకరింపు. ఆయన నన్ను అడిగిన మొదటి మాట, మీ నాన్నది ఏ పల్టన్, అంటే ఏ సైనిక దళం అని. దేశం అడగలేదు, పేరు అడగలేదు. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లను పంచినప్పుడు ఆరు మనకు వచ్చాయి, నాలుగు బ్రిటన్‌కు వెళ్ళాయి. దీదీ వాళ్ళ నాన్నది మనవైపు వచ్చిన వాటిలో ఒకటి, ఈయనది అటు వెళ్ళినది. హాంకాంగ్‌లో సైనిక కుటుంబాల ఇళ్ళు, ఫ్యామిలీ లైన్లలో తన పిల్లలు ఎలా పెరిగారో చాలాసేపు చెప్పారు. బడాఖానా, బ్యూగిల్, తండ్రి లేని దసరా. నేను బబీనా చెప్పాను. పరాయి దేశంలో నాకు ఇంటి మీద బెంగ తీరింది ఆ బెంచీ మీదే. ఆ రోజు మేమిద్దరం నల్లగొండ గురించి గానీ, నేపాల్ గురించి గానీ అసలు మాట్లాడుకోలేదు.

నిన్న సూర్యాపేట వెళ్ళాం. 2016 దాకా అది మా నల్లగొండ జిల్లాలోదే. ఎదురింటి అక్క ఇప్పుడు అక్కడే టీచరు. వాళ్ళ నాన్నది మిర్యాలగూడ వైపు, మా నాన్నతో పాటే ఈఎంఈ. తలుపు తీయగానే ఇద్దరం హిందీలో మొదలుపెట్టాం, మా క్వార్టర్ల హిందీ. బావగారు, మా ఆయన ఆశ్చర్యంగా చూస్తూ ఉన్నారు. అక్కకు నాకు గుర్తులేనివి ఎన్నో గుర్తున్నాయి. “బతుకమ్మను కాలువలో వదిలి వచ్చాక మీ అమ్మ, మా అమ్మ వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చారు, నీకు తెలియదా చెల్లీ?” అంది. నాకు తెలియదు. వాళ్ళిద్దరూ మా ముందు పాడడమే చూశాను.

సాయంత్రం చౌరస్తాలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర ఆగాం. సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్ 15న లద్దాఖ్ గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణాలు ఇచ్చారు. మహావీర చక్ర ఆయనకు మరణానంతరం వచ్చింది. అక్క విగ్రహం కేసి చూస్తూ, వాళ్ళ బెటాలియన్ క్వార్టర్లలో ఆ రాత్రి ఆడవాళ్ళు ఎలా ఉండి ఉంటారో అంది. బయటివాళ్ళకు ముందుగా ఆ ఆలోచన రాదు. మాకు వస్తుంది.

మా బాబు ఆల్డర్‌షాట్‌లో బడికి వెళ్తున్నాడు. ఇంతవరకు వాడిని తెచ్చిందంతా చలికాలపు సెలవుల్లోనే, హైదరాబాద్ చుట్టాల ఇళ్ళకు పోగా ఊరికి మిగిలేది కొద్ది రోజులు. అక్కడ వేసవి సెలవులు జూలై చివర మొదలై దాదాపు ఆరు వారాలు ఉంటాయి. రాబోయే వేసవిలో ఆ ఆరు వారాలూ వాడు ఇక్కడే, తాత దగ్గరే. నాటు వేసిన పొలాలు, ఊరి బోనాలు, వాన బాగా పడితే చెరువు మత్తడి. బతుకమ్మ నాటికి బడి తెరిచేస్తారు, దానికి మాత్రం దారి దొరకడం లేదు. ఈ మాట చెప్పగానే నాన్న లోపలి నుంచి గోడ క్యాలెండరు తెచ్చి, ఏ వారంలో ఏముంటుందో లెక్కపెడుతున్నారు. మీకు వినిపిస్తున్న గొంతు ఆయనదే.

అక్క కూడా తన పిల్లలతో అందులో ఒక వారం ఇక్కడే ఉంటానంది. మలయాళీ ఆంటీ కూతురి ఫోను నంబరు అక్క దగ్గర ఉంది, కొచ్చిలో ఉంటుందట. సర్దార్ ఆంటీ వాళ్ళది లూధియానా. రేపు ఇద్దరికీ ఫోన్ చేస్తున్నాం, అమ్మ కూడా మాట్లాడతానంది.