టేపు చివర వంగిన కొక్కెం

నమస్కారం. పోయిన వారం విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డుకు వెళ్లాను. అక్కడ కళ్లారా చూసిన సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పనిలో చేరి ఆరు నెలలు కూడా కాని కుర్రాడు ఒకడు ఇనుప చానల్ కోశాడు. బిగించబోతే నాలుగైదు మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది. ఆ సందును వెల్డింగుతో పూడ్చి పైన రంగు వేస్తే ఎవరికీ తెలియదు. వాడు అలా చేయలేదు. వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చాడు.

ఇప్పుడు తిట్లు మొదలవుతాయి అనుకున్నాను. మేస్త్రీ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలా కొలిచావో ఇంకోసారి చూపించరా అబ్బాయ్" అన్నారు. కుర్రాడు టేపు లాగి అంచుకు తగిలించాడు. ఆయన వంగి చూశారు. టేపు చివర కొక్కెం లోపలికి వంగిపోయి ఉంది. తగిలించిన ప్రతిసారీ సున్నా గీత ఇనుము అంచు దాటి బయటికి వస్తోంది. అంత మేర ముక్క పొట్టిదవుతోంది!

నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక బిల్లులో అంకె తప్పు వేసి, మా పెద్దాయన కోపానికి భయపడి మూడు రోజులు దాచాను. ఆయనకు ఆ పని క్షుణ్ణంగా తెలుసు. కానీ రెండేళ్లలో నేను ఆయన దగ్గర బాగా నేర్చుకున్నది, ముఖం చూసి గదిలోకి వెళ్లాలో వద్దో తేల్చుకోవడం. అంత అనుభవం పక్కనే ఉండి కూడా నాకు అందలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

1990ల్లో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఆమీ ఎడ్మండ్‌సన్, ఆసుపత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది: వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడి నర్సులు పొరపాటును పైకి చెప్పగలుగుతున్నారని తర్వాత అర్థమైంది. ఆపైన ఒక తయారీ సంస్థలో 51 బృందాలను పరిశీలించి 1999లో వ్యాసం ప్రచురించారు. భయం లేకుండా నోరు విప్పగలిగిన చోటే నేర్చుకోవడం ఎక్కువగా కనిపించింది. ఆ ధైర్యానికి బృంద నాయకుడి తీరుతో సంబంధం ఉందని కూడా తేలింది.

ఆ మేస్త్రీ ఈ వ్యాసం చదివి ఉండరు. షెడ్డులోని టేపులన్నీ తెప్పించి, కొక్కేలు ఒక్కొక్కటీ చూశారు. వంగినది ఇంకొకటి దొరికింది. రెంటినీ పక్కన పడేసి, కొత్త చానల్‌ను మళ్లీ ఆ కుర్రాడి చేతే కోయించారు.