చుక్క ఆరేటప్పుడు లోపల జరిగే గొడవ

[తెరపై: గాజు పలక మీద పక్కపక్కనే రెండు చుక్కలు, ఒకే సైజు]

ఎడమవైపుది ఉత్త నీళ్ల చుక్క. కుడివైపుది నీళ్లలో ఆల్కహాల్ కలిపిన చుక్క. పైకి చూస్తే తేడా ఏమీ కనిపించదు. కాసేపటికి రెండూ ఆరిపోతాయి. కానీ మైక్రోస్కోప్ కింద పెడితే ఎడమది నెమ్మదిగా, బుద్ధిగా ఉంటుంది. కుడిదాంట్లో సుడులే సుడులు.

[తెరపై: నీళ్ల చుక్క, లోపల సన్నని రేణువులు అంచు వైపు కదులుతూ]

ముందు నీళ్ల సంగతి తేల్చేద్దాం. పల్చగా పరుచుకున్న చుక్కలో ఆవిరి అన్నిచోట్లా ఒకేలా పోదు. అంచు దగ్గర ఎక్కువ పోతుంది, ఎందుకంటే అక్కడి ఆవిరికి పైకే కాదు, పక్కకీ దారి ఉంది. అంచు పలకను పట్టుకుని కదలకుండా ఉంటే, అక్కడ తగ్గిన నీటిని పూడ్చడానికి మధ్యలోంచి నీరు వస్తుంది, రేణువుల్ని వెంటేసుకుని. ఒలికిన కాఫీ చుక్క ఆరాక చుట్టూ ముదురు గీత మిగిలేది ఇందుకే.

[తెరపై: ఆల్కహాల్ చుక్క, సుడులు]

ఇక అసలు విషయం. ఆల్కహాల్ నీటికంటే తొందరగా ఆవిరవుతుంది. అలాగని ఆల్కహాల్ మొత్తం వెళ్లిపోయాకే నీటి వంతు వస్తుందనుకోకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండూ ఒకేసారి పోతుంటాయి, కాకపోతే ఆల్కహాల్ ఎక్కువ వాటా పట్టుకుపోతుంది. అంచు దగ్గర అది మరీ వేగంగా ఖాళీ అవుతుంది కాబట్టి అక్కడ మిగిలేది ఎక్కువగా నీరే.

దానివల్ల ఏమవుతుంది? ద్రవం పైపొర తనను తాను బిగించుకునే గుణాన్ని తలతన్యత అంటారు. 25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, ఆల్కహాల్‌ది 22. అంటే నీరు ఎక్కువున్న చోట లాగుడు ఎక్కువ. కాబట్టి పైపొర చుక్క నెత్తిమీద నుంచి అంచుకు లాక్కుపోతుంది, అడుగున ద్రవం వెనక్కి తిరుగుతుంది. మనం చూసిన సుడులు ఇవే. దీన్ని మరంగోని ప్రవాహం అంటారు. 1865లో దీనిమీద పరిశోధన చేసిన కార్లో మరంగోని పేరు అది. నిజానికి 1855లోనే జేమ్స్ థామ్సన్ వైన్ గ్లాసు గోడ మీద జారే బొట్లను చూసి ఈ సంగతి రాశాడు. పేరు మాత్రం ఆయనకు దక్కలేదు!

ఆల్కహాల్ దాదాపు అయిపోగానే గొడవ సద్దుమణుగుతుంది. మిగిలినది మామూలు నీళ్ల చుక్కలాగే ఆరుతుంది.

[తెరపై: తెల్లబడుతున్న చుక్క]

నాకు బాగా నచ్చేది ఊజో అనే గ్రీకుల మద్యం. అందులో నీరు, ఆల్కహాల్, కొంచెం సోంపు జాతి నూనె. ఆల్కహాల్ ఉన్నంతసేపే నూనె కరిగి ఉంటుంది. ఊజో చుక్క ఆరుతుంటే ముందుగా అంచు దగ్గర నూనె బొట్లు పుట్టి, తర్వాత చుక్కంతా పాలలా తెల్లబడుతుంది. ఆ నూనె బొట్లు కలిసి అంచున వలయమవుతాయి, నీరూ పోయాక చివరికి నూనె ఒక్కటే మిగులుతుంది. ఈ నాలుగు దశల్నీ 2016లో పరిశోధకులు వివరంగా చూపించారు.

[తెరపై: రెండు రంగు చుక్కలు ఒకదానివైపు ఒకటి కదులుతూ]

ఇప్పుడు నీళ్లలో ఆల్కహాల్ బదులు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలపండి. ఇది నీటికంటే చాలా నెమ్మదిగా పోతుంది. అంటే కథ తిరగబడుతుంది: అంచులో నీరు తగ్గి గ్లైకాల్ పేరుకుంటుంది. దాని తలతన్యత తక్కువ కాబట్టి పైపొర లోపలికి లాగుతుంది. చుక్క పరుచుకోవాల్సిన శుభ్రమైన గాజు మీద కూడా గుండ్రంగా ముడుచుకుని కూర్చుంటుంది.

అలాంటివి రెండు దగ్గర పెడితే మధ్యలో గాలి తేమగా ఉంటుంది. ఆ వైపు నీరు తక్కువ ఆవిరవుతుంది, తలతన్యత ఎక్కువగా నిలుస్తుంది, చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్తాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో దీని గుట్టు విప్పారు. కొన్ని ఫుడ్ కలర్లలో గ్లైకాల్ ఉంటుంది, వాటితో మీరూ ప్రయత్నించవచ్చు. గాజు మాత్రం బాగా కడగండి. వేలిముద్ర జిడ్డు ఉన్నా చుక్క అక్కడే అతుక్కుపోతుంది.