చచ్చినా ఇంటికే చేరే వీరులు: ‘చిల్డ్రన్ ఆఫ్ మోర్టా’ ఆటపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. 2019 సెప్టెంబరులో కంప్యూటర్లపైన, ఆ ఏడాది ముగిసేలోగా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ అనే ఆట యంత్రాలపైన విడుదలైన ‘చిల్డ్రన్ ఆఫ్ మోర్టా’ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. దీనిని డెడ్ మేజ్ సంస్థ తయారు చేయగా పోలండ్‌కు చెందిన ఎలెవెన్ బిట్ స్టూడియోస్ విడుదల చేసింది. మోర్టా అనే పర్వతాన్ని తరతరాలుగా కాపాడుతున్న బెర్గ్‌సన్ కుటుంబం, ఆ పర్వతాన్ని ఆవరిస్తున్న ‘కరప్షన్’ అనే కీడును ఎదుర్కోవడమే ఇందులోని కథ. మన మధ్య ఒక గేమ్ డిజైనర్, ఒక కథా విమర్శకురాలు, ఈ ఆటను తన అక్కతో కలిసి చివరిదాకా ఆడిన ఒక యువకుడు ఉన్నారు.

విమర్శకురాలు: మొదటే ఒక మాట చెప్పనివ్వండి. కరప్షన్ అన్న మాట వినగానే మన చెవులకు లంచాలు, ఏసీబీ దాడులు గుర్తుకొస్తాయి. ఇక్కడ దాని అర్థం వేరు. నేలనూ ప్రాణులనూ పట్టి కుళ్ళబెట్టే విషం అది. నేను దానిని ‘కల్మషం’ అనే పిలుస్తాను.

సమన్వయకర్త: అలాగే పిలుద్దాం. దీనిని రోగ్‌లైక్ అంటున్నారు. ఆ పేరు ఎలా వచ్చింది సార్?

డిజైనర్: 1980 ప్రాంతంలో యూనిక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్లలో ‘రోగ్’ అనే ఆట ఉండేది. అందులో బొమ్మలు లేవు. గోడలూ తలుపులూ అన్నీ కీబోర్డు మీది గుర్తులే, ఈమెయిల్ చిరునామాలో వాడే ఎట్ గుర్తే వీరుడు. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారయ్యేది, చనిపోతే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిందే. ఈ రెండు లక్షణాలున్న ఆటలన్నింటికీ ఆ పేరే స్థిరపడింది. చనిపోయిన తరువాత కూడా కొంత సంపాదన చేతిలో మిగిలితే దానిని రోగ్‌లైట్ అనాలని పట్టుబట్టేవారు ఉన్నారు. ఆ లెక్కన మోర్టా రోగ్‌లైటే అవుతుంది, కానీ ఆ తగవు మనకు ఇప్పుడు అవసరం లేదు.

ఆటగాడు: మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను వైకుంఠపాళితో పోల్చాను. పాము మింగితే కిందికి జారడం, మళ్ళీ ఎక్కడం.

డిజైనర్: పోలిక బాగుంది, కానీ సగమే నిలుస్తుంది. వైకుంఠపాళిలో నూరుసార్లు ఆడినవాడికీ మొదటిసారి కూర్చున్నవాడికీ తేడా ఉండదు, అంతా పాచిక చేతిలో ఉంటుంది. ఇక్కడ పడిన ప్రతి పాటూ చేతివేళ్ళకు ఏదో ఒకటి నేర్పుతుంది.

విమర్శకురాలు: కథ చెప్పేవారికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. కథ ముందుకు నడవాలి, ఈ రకం ఆట మనిషిని పదేపదే వెనక్కి పంపుతుంది. నాయకుడు చనిపోయాడని చూపించి, మరునిమిషంలో అతడినే గుమ్మం ముందు నిలబెడితే ఆ మరణాన్ని ఎవరు నమ్ముతారు? మోర్టాలో బెర్గ్‌సన్లు ఓడిపోతారే తప్ప చావరు. గుహలో నేలకొరిగిన వ్యక్తి తిరిగి ఇంటికే చేరుకుంటాడు. ఆ ఇంటిని నిలువుగా కోసినట్టు చూపించడం వల్ల అన్ని గదులూ ఒకేసారి కనిపిస్తాయి. నాయనమ్మ మార్గరెట్ గ్రంథాల మధ్య ఉంటుంది, బాబాయి బెన్ కొలిమి దగ్గర ఉంటాడు, గర్భిణి అయిన తల్లి మేరీ ఇంటి పనుల్లో ఉంటుంది. మీరు ఓడి వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో ఒక చిన్న మార్పు జరిగి ఉంటుంది. అంటే కథ మన ఓటమిని ఆధారం చేసుకునే ముందుకు సాగుతోంది.

సమన్వయకర్త: పాత్రలు తమలో తాము మాట్లాడుకోవట కదా?

విమర్శకురాలు: దాదాపుగా మాట్లాడుకోవు. ఒక గంభీరమైన గొంతు మొత్తం కథను చెప్పుకుపోతుంది. మన బుర్రకథలో కథకుడు చెబుతుంటే ఇరుపక్కలా వంతలు అందుకుంటారు, ఒకరు హాస్యమాడతారు, ఒకరు లోకం సంగతులు కలుపుతారు. ఈ ఆటలో కథకుడు ఒంటరివాడు, అతడికి వంత పాడేవారే లేరు. అందుకే గంటల తరబడి వింటే బరువెక్కుతుంది. ప్రతి చిన్న సంఘటననూ మహాప్రస్థానంలా చెబితే నిజంగా పెద్ద సంఘటన వచ్చినప్పుడు ఆ గొంతుకు ఇంకేం మిగులుతుంది?

డిజైనర్: ఆ విమర్శను ఒప్పుకుంటాను. అయితే ఈ ఆట తన కథను గొంతుతో కంటే నియమాలతోనే బాగా చెప్పిందని నా అభిప్రాయం. ఒకే పాత్రతో వరసగా పోరాటానికి వెళితే కల్మషం ఆ పాత్రకు పట్టి అలసట వస్తుంది, దాని గరిష్ఠ ప్రాణశక్తి తగ్గిపోతుంది. తండ్రి జాన్ ఎంత బలవంతుడైనా కొంతకాలం అతడిని ఇంట్లో ఉంచి, కూతురినో కొడుకునో పంపవలసి వస్తుంది. మరోవైపు ఒకరి స్థాయి పెరిగితే దాని ఫలితం ఇంటిల్లిపాదికీ అందుతుంది, గుహల్లో దొరికే ‘మోర్వ్’ను బెన్ కొలిమిలో ఖర్చు చేసినా అంతే. ‘కుటుంబమంతా ఒకటి’ అన్న వాక్యాన్ని ఎవరూ పలకనవసరం లేదు, లెక్కలే ఆ మాట చెబుతున్నాయి.

సమన్వయకర్త: ఇద్దరు కలిసి ఆడినప్పుడు ఈ లెక్కలు ఎలా పనిచేశాయి?

ఆటగాడు: మొదట్లో జాన్ ఒక్కడే ఉంటాడు. పెద్ద కూతురు లిండా విల్లు పట్టుకుని చేరిన తరువాతే మేమిద్దరం ఆడగలిగాము. అక్క లిండాను తీసుకుంది, నాకు జాన్ వచ్చాడు. జాన్ డాలు ఎత్తి దెబ్బలు కాచుకుంటాడు, కాస్తున్నంతసేపూ అతడి సత్తువ తరిగిపోతూ ఉంటుంది. లిండా నడుస్తూనే బాణాలు వేయగలదు, కానీ అందుకూ సత్తువ కావాలి. అందువల్ల నేను ముందుకు వెళ్ళి డాలు అడ్డుపెడితే, ఆమె నా వెనుక ఒకచోట నిలబడి బాణాలు గుప్పించేది. నా సత్తువ అయిపోయే క్షణం ఆమెకు ముందే తెలియాలి. తొలి రెండు రోజులు ఆమెకు తెలియలేదు, నేను చెప్పనూ లేదు. ఎన్నిసార్లు ఇంటికి తిరిగొచ్చామో లెక్కలేదు. మూడో రోజు నుంచి ‘తగ్గుతోంది’ అని ఒక్క మాట అనేవాణ్ణి, ఆమె వెంటనే పక్కకు తప్పుకునేది. కష్టం ఆ తరువాత మొదలైంది. లిండాకు అలసట పట్టి, ఆమెను ఇంట్లో ఉంచవలసి వచ్చినప్పుడు అక్క ఒప్పుకోలేదు. కత్తుల కెవిన్ తనకు నచ్చలేదని, నిప్పులు విసిరే చిన్నమ్మాయి లూసీ ఇంకా చేతికి రాలేదని, నేను జాన్‌ను వదలకుండా ఆమెను మాత్రం మారమనడం అన్యాయమని వాదించింది.

డిజైనర్: ఆ తగాదా కోసమే ఆ నియమం పెట్టారనిపిస్తుంది. ఒంటరిగా ఆడేవాడికి అలసట ఒక అంకె మాత్రమే, పాత్ర మార్చుకుని వెళ్ళిపోతాడు. ఇద్దరున్నప్పుడు అది ఇంట్లో జరిగే బేరం అవుతుంది. కెవిన్‌ను కాస్త ఓపికగా వాడితే, వరుసగా దెబ్బలు తగిలేకొద్దీ అతడి చేతివేగం పెరుగుతుందన్న సంగతి మీ అక్కగారికి తెలిసేది.

ఆటగాడు: తెలిసింది సార్, చివరికి ఆమె కెవిన్‌ను నాకివ్వనే లేదు.

సమన్వయకర్త: విడుదలైనప్పుడు ఒకే తెర ముందు కూర్చుని ఆడే సదుపాయమే ఉండేదన్నారు.

డిజైనర్: అవును, ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడే వీలు చాలా కాలం తరువాత ఉచిత నవీకరణగా వచ్చింది. ఎలా ఆడినా ఇద్దరికి మించి కుదరదు. ఇంట్లో అంతమంది యోధులుండగా ఇద్దరే బయలుదేరడం నాకు వెలితిగానే తోస్తుంది. కానీ ఒకే తెర మీద నలుగురు దూకితే ఆ పిక్సెల్ బొమ్మల్లో ఎవరు ఎవరో కంటికి ఆనదు.

విమర్శకురాలు: ఇద్దరు ఆడినప్పుడు కథ నష్టపోతుందన్న నా ఫిర్యాదును కూడా నమోదు చేయండి. తోడేలు పిల్ల ఘట్టాన్నే తీసుకోండి. గుహల్లో తిరుగుతుండగా చనిపోయిన తల్లిని విడవలేక నిలిచిన ఒక తోడేలు పిల్ల కనిపిస్తుంది. దానిని ఇంటికి తీసుకువస్తారు, అది జబ్బు పడుతుంది, మందుకు కావలసిన వస్తువుల కోసం మళ్ళీ బయలుదేరాలి. యుద్ధానికి వెళ్ళిన కుటుంబం ఒక కూన కోసం దారి మళ్ళడం ఈ ఆటలో నాకు అన్నింటికంటే నచ్చిన విషయం. నేను ఒంటరిగా ఆడినప్పుడు ఆ రాత్రి ఆట ఆపేశాను. మా అబ్బాయితో ఆడినప్పుడు మాత్రం వాడు ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ ఏ శక్తిని పెంచుకోవాలన్న లెక్కలోనే ఉన్నాడు.

ఆటగాడు: మా ఇంట్లో దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది మేడమ్. నేను మర్చిపోయినా అక్క మర్చిపోలేదు. బాస్, అంటే గుహ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు దగ్గరికి వెళ్దామంటే, ముందు ఆ కూన మందు సంగతి చూడమంది.

సమన్వయకర్త: తయారీదారుల నేపథ్యం గురించి ఒక మాట చెప్పండి.

డిజైనర్: డెడ్ మేజ్ బృందానికి ఇరాన్ మూలాలున్నాయి. 2011లో పారశీక పురాణ వీరుడు గర్షాస్ప్ పేరుతో ఒక ఆట తీసుకువచ్చారు. మోర్టా కోసం 2015లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుంచి లక్ష డాలర్లకు పైగా సేకరించారు, ఆట పూర్తవడానికి ఆ తరువాత నాలుగేళ్ళు పట్టింది. ఇందులోని ఎడారి నగరం పేరు బరాహుత్. యెమెన్‌లో భూతాలను బంధించారని చెప్పుకునే బర్హూత్ బావి ఉంది. ఆ పేరు విన్నవారికి ఈ నగరంలోకి అడుగుపెట్టేటప్పుడు మనసులో ఒక శంక కలుగుతుంది.

విమర్శకురాలు: పేర్లలో ఆ తూర్పు వాసన అక్కడక్కడా తగులుతుంది గానీ, ఇల్లూ మనుషులూ మాత్రం ఐరోపా జానపద కథల్లోని వారే. గర్షాస్ప్‌ను తలకెత్తుకున్నవారు ఈ కుటుంబానికి జాన్, మేరీ అని పేర్లు పెట్టవలసిన అవసరమేమిటని నాకు కొంచెం చింతగానే ఉంది.

సమన్వయకర్త: చివరి ప్రశ్న. కొత్తగా మొదలుపెట్టేవారికి ఏం చెబుతారు?

డిజైనర్: తొలి గుహల్లో చేసిన పనే పదేపదే చేస్తున్నట్టు ఉంటుంది, మోర్వ్ చాలదు, విసుగు పుడుతుంది. కొలిమిలో నాలుగైదు మెరుగులు పెట్టేదాకా ఓపిక పట్టండి. లిండా చేరగానే రెండో కంట్రోలర్‌ను ఇంకొకరి చేతికి ఇవ్వండి.

విమర్శకురాలు: తోడేలు పిల్ల కనిపించినప్పుడు మాత్రం ఆ ఇంకొకరిని కాసేపు మాట్లాడకుండా కూర్చోమనండి.