లండీ ఖానాకి దారెటు?

అందరికీ నమస్కారం.

యుద్ధవీరుల గురించి మాట్లాడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి తుపాకులు, ట్యాంకులు, మంచుకొండలు. నేను ఇవాళ చెప్పబోయే సంఘటనలో ఒక్క తూటా కూడా పేలదు. ముగ్గురు పైలట్లు, ఒక ఇటుక గోడ, ఒక స్కూలు అట్లాసు, చివర్లో ఒక ఫోన్ కాల్, అంతే. ముందే చెప్పేస్తున్నాను, ఆ ముగ్గురూ దొరికిపోయారు. అయినా నేను ఈ కథనే ఎంచుకున్నాను.

1971 డిసెంబరు 10, భారత్-పాక్ యుద్ధం నడుస్తోంది. ఫ్లైట్ లెఫ్టినెంట్ దిలీప్ పరూల్కర్ నడుపుతున్న సుఖోయ్-7 యుద్ధ విమానం పాకిస్తాన్‌లో కూలిపోయింది. ఆయన పారాచూట్‌తో దిగి శత్రువులకు చిక్కారు. 1965 యుద్ధంలో ఒంటికి తూటా తగిలినా విమానం వదిలి దూకకుండా స్థావరానికి తెచ్చి దింపిన మనిషి ఈయన. ఎప్పుడైనా పట్టుబడితే పారిపోయి తీరతానని యుద్ధానికి ఎంతో ముందే తోటివాళ్లతో అన్నారట. ఇలాంటి మాటలు మెస్‌లో కూర్చుని చాలామంది అంటారు లెండి. రావల్పిండిలో పాక్ వైమానిక దళం క్యాంపులో తాళం పడ్డాక కూడా దానికి కట్టుబడి ఉండేవాళ్లు తక్కువ.

ఆ క్యాంపు బాధ్యత చూసిన అధికారి స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మొదట్లో ఎవరి గదిలో వాళ్లను విడివిడిగా ఉంచారు. క్రిస్మస్ రోజున ఆయన కేకు తెప్పించి మన పైలట్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టారు. ఎవరెవరు బతికి ఉన్నారో వాళ్లకు పూర్తిగా తెలిసింది ఆ రోజే.

యుద్ధం రెండు వారాల్లో ముగిసింది కదా, ఇంటికి పంపేస్తారులే అని ఎదురుచూడొచ్చుగా అని మీకు అనిపించవచ్చు. కానీ మన దగ్గర 90 వేల మందికి పైగా పాక్ ఖైదీలు ఉన్నారు. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించాలా, యుద్ధ నేరాల విచారణలు జరగాలా అన్న చిక్కుముళ్లు తెగలేదు. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం మీద సంతకాలైనా ఖైదీల విడుదలకు తేదీ రాలేదు. ఎప్పుడు వదులుతారో తెలియని జైలు అది.

పరూల్కర్‌తో ఇద్దరు కలిశారు, మల్విందర్ సింగ్ గ్రేవాల్, హరీష్ సిన్హ్‌జీ. ఏ వైపు పారిపోవాలి? తూర్పున భారత సరిహద్దు ఉంది, కానీ అటంతా సైన్యం, మందుపాతరలు. అందుకే పడమటికి వెళ్లి, పెషావర్, ఖైబర్ కనుమ దాటి ఆఫ్ఘనిస్తాన్‌లో అడుగుపెట్టాలనుకున్నారు.

వాళ్లు సరంజామా కూర్చుకున్న తీరు నాకు మహా ఇష్టం. జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధ ఖైదీకి నెలనెలా కొంత డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బే దాచుకున్నారు, అంటే పారిపోవడానికి ప్రయాణ ఖర్చులు పాకిస్తానే ఇచ్చిందన్నమాట! ఫైటర్ పైలట్లు జీ-సూట్ అని ఒకటి వేసుకుంటారు. విమానం ఒక్కసారిగా తిరిగినప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోకుండా అందులోని రబ్బరు తిత్తులు ఉబ్బి కాళ్లను అదిమిపెడతాయి. ఆ తిత్తుల్నే నీళ్ల సంచులుగా మార్చారు. సూదికి అయస్కాంతం రుద్ది దిక్సూచి చేశారు. దారి కోసం స్కూలు పిల్లల అట్లాసు సంపాదించారు.

ఇక గోడ. ఇటుకల మధ్య సున్నాన్ని రాత్రిళ్లు కొంచెం కొంచెంగా గీకి తీశారు. రాలిన మట్టిని రెడ్‌క్రాస్ పార్సిళ్లు వచ్చిన పెట్టెల్లో నింపి మంచం కిందకు తోసేవారు. పక్క గదుల్లోని మిగతా పైలట్లు కాపలావాళ్లను మాటల్లో పెట్టేవారు. వాళ్లలో చాలామంది తాము పారిపోవడం లేదు, దొరికితే శిక్ష మాత్రం అందరికీ పడుతుంది. నన్నడిగితే వాళ్ల ధైర్యం ఈ ముగ్గురి ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు. పతకాల జాబితాల్లో అలాంటివాళ్లకు చోటు దొరకడం కష్టం.

ఆగస్టు 12 రాత్రి గాలివాన వచ్చింది. ముగ్గురూ కన్నంలోంచి బయటపడి, గోడ దాటి, రోడ్డెక్కి పెషావర్ బస్సు పట్టుకున్నారు. తెల్లారేసరికి పెషావర్. అక్కడ గుర్రబ్బండి ఎక్కి జమ్రూద్, మళ్లీ బస్సెక్కి లండీ కోటల్. జైలు గోడ దాటి ఒక్క రాత్రి గడిచిందంతే, అప్పుడే ఆఫ్ఘన్ సరిహద్దు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోకి వచ్చేసింది.

అక్కడ అట్లాసు ముంచింది. అందులో రైలు మార్గం లండీ కోటల్ దాటి సరిహద్దు అంచున లండీ ఖానా అనే స్టేషన్ దాకా ఉంది. అక్కడి దాకా వెళితే చాలనుకుని, లండీ ఖానాకి దారెటు అని అడిగారు. ఆ స్టేషన్‌కు రైళ్లు ఆగిపోయింది 1932లో! నలభై ఏళ్ల కిందట మూతపడ్డ స్టేషన్‌కు దారి అడిగే కొత్తవాళ్లను చూస్తే ఎవరికైనా అనుమానం రాదా?

ఆ రోజుల్లో పశ్చిమ పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీలు ఈ కనుమ దారినే కాబూల్ చేరి బంగ్లాదేశ్‌కు వెళ్లిపోయేవారు. దాంతో లండీ కోటల్‌లో కొత్త ముఖాల మీద ఎప్పుడూ ఓ కన్ను ఉండేది. తహసీల్దారు ఆఫీసు గుమాస్తా ఒకరు వీళ్లను ఆపి, మీరు బెంగాలీలు, పారిపోతున్నారని పట్టుకున్నారు. మన వాళ్లను భారతీయులని ఎవరూ అనుకోనే లేదు. మేము పాక్ వైమానిక దళంలో పనిచేసే క్రైస్తవులం, సెలవులో ఊళ్లు చూడ్డానికి వచ్చామని చెప్పారు. తహసీల్దారు నమ్మలేదు.

అది గిరిజన ప్రాంతం. అక్కడి లాకప్‌లో ఊరూ పేరూ లేని ఖైదీలుగా పడితే ఏమవుతారో ఎవరూ పూచీ పడరు. అప్పుడు పరూల్కర్ ఒక్క ఫోన్ చేయనివ్వండని అడిగారు. ఎవరికనుకున్నారు? పాక్ వైమానిక దళాధిపతి దగ్గర ఏడీసీగా, అంటే ఆయన వెంట ఉండే సహాయక అధికారిగా ఉన్న ఉస్మాన్ హమీద్‌కు. అవును, ఆ కేకు తెప్పించిన మనిషే, అప్పటికి బదిలీ అయి ఉన్నారు. ఫోన్లో గొంతు విన్న ఉస్మాన్‌కు సంగతి అర్థమైంది. వీళ్లు మావాళ్లే, జాగ్రత్తగా ఉంచండి, చేయి చేసుకోవద్దని తహసీల్దారుకు చెప్పారు.

ఏడు నెలల కిందటి మంచితనం మీద నమ్మకంతో ప్రాణాలు పణంగా పెట్టడం చిన్న విషయం కాదు. గోడకు కన్నం వేయడం కంటే అదే ఎక్కువ తెగువ అని నా అభిప్రాయం. ఆ నమ్మకాన్ని నిలబెట్టిన ఉస్మాన్‌నూ మెచ్చుకోవాల్సిందే. శత్రువును మెచ్చుకోవడమేంటని కొందరు నాతో వాదిస్తారు, వాదించుకోనివ్వండి.

తప్పించుకోబోయి దొరికిన యుద్ధ ఖైదీకి జెనీవా ఒప్పందం ప్రకారం క్రమశిక్షణ చర్య తప్ప పెద్ద శిక్ష వేయకూడదు. వీళ్లను లయల్‌పూర్ జైలుకు మార్చారు, ఒంటరి గదుల్లో పెట్టారు. చివరికి 1972 డిసెంబరు 1న మిగతావాళ్లతో కలిసి వాఘా దగ్గర మన దేశంలో అడుగుపెట్టారు. పరూల్కర్ గ్రూప్ కెప్టెన్‌గా రిటైరై, 2025 ఆగస్టులో పుణెలో కన్నుమూశారు.

ఎన్‌సీసీ పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఇంకొక్క మాట. వీళ్లు తిరిగి రావడానికి తెగువ ఎంత కారణమో, రికార్డుల్లో పేరుండటం కూడా అంతే కారణం. ఖైదీ పేరు ఒకసారి రెడ్‌క్రాస్‌కు చేరాక, ఆ మనిషి మా దగ్గర లేడని పట్టుకున్న దేశం చెప్పడం కష్టం. ఆ అవకాశం అందరికీ దక్కలేదు. పాక్ జైళ్లలో ఉండిపోయారని భావిస్తున్న 54 మంది మన సైనికుల జాబితా ఒకటుంది. అందులో పైలట్లూ ఉన్నారు. తమ దగ్గర ఎవరూ లేరనేది పాకిస్తాన్ మాట. 2007లో వాళ్ల బంధువులు కొందరు స్వయంగా వెళ్లి అక్కడి జైళ్లు చూసి వచ్చారు. తమవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఆ కుటుంబాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.